తప్పిపోయిన శనివారాలు

తుమకూరు,
4-7-1985

దాసమ్మా,

మీ అన్న ఈరప్ప నా పక్కనే కూర్చోని "నా చెల్లెలికి మర్యాదగా రాయి" అని కాపలా కాస్తాండాడు. ఒకే బెంచీలో కూర్చోని ఏడో తరగతి దాకా జుట్లు పట్టుకున్నోళ్ళం మనం. మీ అన్నను చేసుకొని నీకు వదిననైనానని ఇప్పుడు మర్యాద యాడ నుంచి తెచ్చేది? నేరుగా సంగతికొస్తాండా, విను.

నేను వంట చేసే ఈ కరువు సాయం సంఘం ఉండాది గదా, అదే, మీ అన్న వ్యాను తోలేది, వాళ్ళు మన పావగడ తాలూకాలో అంబలి పోసే కేంద్రాలు తెరుస్తాండారు. మూడో యేడు గూడా వాన మొగం చాటేసిందని పేపర్లో పడిందంట. బలసముద్రం పేరు నేనే చెప్పినా. రాగిపిండి, కట్టెలు, ఇంత లావు గుండిగె అన్నీ వ్యానులో వస్తాయి. మధ్యాన్నం కాంచి పోసే మనిషి ఒకరు కావల్ల. నీ పేరు చెప్పినా. "బాగా వండుతుందా?" అని మా సంఘం పెద్ద శ్రీరామప్ప మేష్ట్రు అడిగినాడు. గుండె మీద చెయ్యి పెట్టుకొని అబద్ధం చెప్పినా. చిన్నప్పుడు నువ్వు కెలికిన సంకటిలో ఉండలు చూసి మీ నాయిన "గోలీలాడుకోనీకి ఇచ్చినావా మ్మే" అన్న సంగతి ఆయనకు ఎందుకులే అనుకున్నా.

ఒక్క మాట మాత్రం గట్టిగా విను. దినానికి అరవై మంది కన్నా తక్కువొస్తే నెల చూసి గుండిగె ఎత్తి ఇంకో ఊరికి తీసకపోతారు. అది వాళ్ళ తప్పు కాదు, ఊర్లు శానా ఉండాయి, గుండిగెలు తక్కువ. కాబట్టి ఊరందరినీ పిలుచు. మీ అత్త సంజీవమ్మకు మొదటి గిన్నె పోయి. రెండోది నువ్వు తాగు.

నీ వదిన
జయలక్ష్మమ్మ


బలసముద్రం,
15-7-1985

వదినా,

ఈడ అందరం క్షేమం అని రాయల్ల గదా, రాసినానని అనుకో.

నీ గుండిగె వచ్చింది. దాంట్లో నన్ను కూర్చోబెట్టి నీళ్ళు పోస్తే తల దాకా మునుగుతా. చావిడి ముందర మూడు రాళ్ళు పెట్టి మొదటి దినం నిండా కాంచినా. ఉండలు లేవు, నీ మీద ఒట్టు. వచ్చినోళ్ళు ఎంతమందనుకున్నావు? తొమ్మిది మంది. అందులో ముగ్గురు మన ఊరోళ్ళే కాదు, దోవన పోయే గాజులోళ్ళు.

మా పక్కింటి కదిరయ్య మామ పుల్లతో పండ్లు గెలుక్కుంటా వచ్చి, గుండిగె మీదికి వంగి ఆవిరంతా పీల్చి, "వాసన బాగుండాది మ్మే, ఏం చేద్దాం, ఇప్పుడే గొంతు దాకా తినేసొచ్చినా" అని పోయినాడు. వాళ్ళింట్లో పొయ్యి ఎన్నాళ్ళకొకసారి మండుతుందో గోడకు ఇవతలుండే నాకు తెలీదా? నరసక్క అయితే కొంగుతో మూతి తుడుచుకుంటా గుండిగె ముందర మూడు తూర్లు తిరిగింది, నేను చూడల్లని. ఊరంతా తినేసి వచ్చినోళ్ళే, వదినా. ఇంత తిండి ఉండే ఊరు తాలూకాలోనే లేదు.

నీకు చెప్పేదేముండాది, నువ్వూ గొర్రెలోళ్ళ ఇంట్లో పుట్టినదానివే. మందలుండే కాలంలో దోవన పోయే ప్రతి ఒక్కరికీ పాలు పోసి పంపినోళ్ళం. ఇప్పుడు గిన్నె పట్టుకొని వరసలో నిలబడమంటే కాళ్ళు రావడం లేదు. మా అత్తను పిలిస్తే "నేను సచ్చినాంక పిండం పెట్టు, తింటా. సంఘం అంబలి తాగను" అనె. ఆమెకు కండ్లు సరిగ్గా కనపడవు గానీ నోరు మాత్రం నిగనిగలాడతాండాది.

శెనక్కాయ ఏసినోళ్ళ చెట్లు జానెడు లేచి నిలబడిపోయినాయి. మా ఇంటాయన బొమ్మన్న మిగిలిన గొర్రెల్ని తోలుకొని హిరియూరు పక్క పోయినాడు, మేత దొరికే తావుకు. నా సంగతి అడగొద్దు. వండే మనిషే ముందు కూర్చోని తాగితే జనం ఏమనుకుంటారు? మా ఇంట్లో ఉండాదిలే.

మీ
దాసమ్మ


తుమకూరు,
19-7-1985

దాసమ్మా,

నీ జాబు చదివి మీ అన్న నవ్వినాడు, ఆ వెనకనే మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది మందంట! నేను ఒకసారి తుమ్మినా అంతకన్నా ఎక్కువ మంది తిరిగి చూస్తారు ఈ ఊర్లో.

నవ్వులాట కాదు. మేష్ట్రు దినామూ ఎంతమంది వచ్చినారని వ్యాను వాళ్ళను అడుగుతాడు. రాకపోతే ఆకలైనోళ్ళు లేరని అనుకుంటాడు. ఆయన కుళ్ళు మనిషి కాదు, చెప్పిందే నమ్మే మనిషి. చిన్నప్పుడు ఇస్కూల్లో నువ్వు దొంగ కడుపునొప్పి నటించి ఎన్ని తూర్లు ఇంటికి రాలేదు? ఆ తెలివి యాడ పోయింది? వాళ్ళను ఎట్లయినా గుండిగె కాడికి రప్పించు. ఎట్ల అనేది నన్ను అడగొద్దు, నేను గుండెమీద చెయ్యి పెట్టుకొని చెప్పిన అబద్ధాలు ఇప్పటికే ఎక్కువైనాయి.

జయలక్ష్మమ్మ


బలసముద్రం,
29-7-1985

వదినా,

కూర్చోని చదువు. నిలబడి చదివితే నవ్వలేక కింద పడతావు.

ఇరవయ్యో తారీకు శనివారం పొద్దున మా అత్త లేచి "నా చెంబు యాడ మ్మే? నామం పెట్టు, శ్రావణం వచ్చింది" అనె. నువ్వు టౌనుకు పోయి మరిచిపోయుంటావు. శ్రావణ శనివారం మొక్కు, వదినా! చెంబుకు నామం, నుదుటికి నామం పెట్టుకొని, గోవిందా అంటా ఐదిండ్ల ముందర బిచ్చమెత్తి, ఆ గింజలు వండుకొని సామి ప్రసాదమని తినల్ల. ఊరి పెద్ద గౌడైనా ఆ దినం చెంబు పట్టల్సిందే. దాంట్లో సిగ్గేముండాది? సిగ్గుపడితేనే పాపం.

అత్త చెంబు పట్టుకొని బయల్దేరె. ఐదిండ్లు తిరిగి వచ్చి గడప మీద కూర్చునె. చెంబులో ఏమీ లేదు. ఎవరింట్లో ఏముండాదని ఏస్తారు? ఎల్లక్క పాపం వాకిట్లోకి వచ్చి, ఖాళీ చేత్తోనే ఏసినట్ల చేసి గోవిందా అందంట. అత్త గూడా ఏసినట్లే అనుకొని ముందుకు పోయిందంట. ఆ మాట చెప్పి ముసలామె ఏడ్చె వదినా, నేనెప్పుడూ ఆమె ఏడ్చేది చూడలే.

అప్పుడు తట్టింది నాకు. పోయి గుండిగె మూత మీద ఇంత నామం దిద్దినా. "అత్తా, ఈ యేడు ఐదిండ్లు లేవు. ఒకటే ఇల్లు. ఆ గుండిగె ఉండే తావే ఇల్లు, నేను ఇంటిదాన్ని. రా, గోవిందా అను" అన్నా. వచ్చె! శంఖం ఊదే దాసరి చిన్నరంగప్పను గూడా పిలుచుకొచ్చినా. శంఖం ఇంటానే తలుపులు తెరుచుకున్నాయి. ముప్పైనాలుగు మంది, అందరి నుదుట్న నామం. కదిరయ్య మామకు నామం ముక్కు కొన దాకా వచ్చింది.

ఇది అధిక శ్రావణం, మొక్కులకు చెల్లదు, వచ్చే నెలది నిజమైన శ్రావణం అని చిన్నరంగప్ప గొణిగినాడు. "సామి మనకోసరమని రెండు శ్రావణాలిచ్చి ఒకటి చెల్లదంటాడా ప్పా?" అన్నా. అంబలి తాగినాంక ఆయనకూ చెల్లింది.

ఆదివారం మళ్ళా ఎవరూ రాలే! ఆదివారం సామి లేడంట. సోమవారం చిన్నరంగప్పను పట్టుకున్నా. "శ్రావణ శనివారం తప్పిపోయినోళ్ళు ఏం చెయ్యల్లప్పా?" అంటే "ఇంకో దినం తీర్చుకోవచ్చు" అన్నాడు. "ఏ దినమైనా?" "మనసు మంచిదైతే ఏ దినమైనా శనివారమే." అంతే వదినా, ఆ మాట మోసుకొని ఊరంతా తిరిగినా. ఇప్పుడు ఒక్కొక్కరికి తప్పిపోయిన శనివారాలు జ్ఞాపకమొస్తాండాయి చూడు! పెండ్లిండ్లకు పోయి తప్పినవి, పురుడొచ్చి తప్పినవి, గొర్రెల ఎమ్మట పోయి తప్పినవి. కదిరయ్య మామ పుట్టినప్పట్నుంచి ఒక్క శనివారం గూడా చెయ్యలేదంట. దినానికొకటి తీర్చినా సచ్చేలోపల తీరవు అని ఎంత సంతోషంగా చెప్తాండాడో.

నిన్న డెబ్బై ఒక్క మంది.

నేను తాగినానా అని అడగబోతావు. ఇంటిది తన ఇంటి ముందర తానే బిచ్చమెత్తుకోదు గదా. సామి సొత్తు, రుచి చూసేదీ లేదు. నేను ఇంటికి పోయి తింటా. మా ఇంట్లో ఉండాదిలే.

మీ
దాసమ్మ


తుమకూరు,
5-8-1985

దాసమ్మా,

నీ జాబు నాలుగు తూర్లు చదివించుకున్నాడు మీ అన్న. "చూసినావా నా చెల్లెలి తెలివి" అని వీధంతా చెప్పబోతే చొక్కా పట్టుకొని గుంజినా. మన భాష రానోళ్ళ వీధి కాబట్టి సరిపోయింది గానీ లేకుంటే ఆఫీసు దాకా పోయేది.

మేష్ట్రుకు ఎనభై మంది అని చెప్తే సంతోషపడినాడు. ఎంత సంతోషమంటే కండ్లారా చూస్తానని బయల్దేరినాడు! ఇరవైనాలుగో తారీకు, నిజ శ్రావణంలో రెండో శనివారం. సంఘానికి సాయం చేసే ఒక అమ్మగారు బెంగళూరు నుంచి వస్తారు, ఆమె గూడా ఎమ్మట ఉంటుంది. వాళ్ళ ముందర నామాలు కొంచిం తగ్గించండి. కదిరయ్య మామది సగానికి తుడిచెయ్యి.

ఇంకొకటి. "మా ఇంట్లో ఉండాదిలే" అని రెండు జాబుల్లో రాసినావు. ఏముండాదో మాత్రం రాయలేదు. నేనూ వంట మనిషినే, నాకు కూర పేరు కావల్ల.

జయలక్ష్మమ్మ


బలసముద్రం,
26-8-1985

వదినా,

ఏముండాదంటావా? ఇల్లుండాది. ఇంట్లో నేనుండా, అత్త ఉండాది. చాలదా? పెద్ద అమల్దారు మాదిరి ఇచారణ చేస్తాండావు.

మొన్న మీ మేష్ట్రు వచ్చింది అన్న చెప్పే ఉంటాడు, అయినా నా నోట విను. నామాలు తగ్గించమన్నావా? పెద్దోళ్ళు వస్తాండారని ఒక్కొక్కరు రెండేసి పెట్టుకున్నారు. చిన్నరంగప్ప శంఖం, జేగంట రెండూ తెచ్చినాడు. వ్యాను ఊరి బయట ఉండంగానే గోవిందా అని ఎత్తుకున్నారు, మీ మేష్ట్రు చెప్పులు ఇడిచి దిగినాడు పాపం, దేవళం అనుకొని.

వరస ఎమ్మట వచ్చి ఒక్కొక్కరినీ అడిగినాడు కన్నడంలో, "హసివా?" అని. ఆకలా అని ఎంత మెల్లగా అడిగినాడో. నరసక్క కొంగు నిండుగా కప్పుకొని "హసివేంది సామీ, ఇది గోవిందుని మొక్కు" అనె. తర్వాతామె అదే. ఆ తర్వాతాయన అదే. కదిరయ్య మామ ఊరుకుంటాడా? "ఇంటికాడ మూడు కూరలుండాయి సామీ, ఆరిపోతాండాయి, మొక్కు తీర్చి బిరబిరా పోవల్ల" అన్నాడు. ఎనభైఆరు మందిలో ఒక్కరు తడబడలే. నాటకమోళ్ళు మా కాడ నేర్చుకోవల్ల.

మేష్ట్రుకూ ఒక గిన్నె పోసినాం. కండ్లకద్దుకొని తాగి "ఎంత భక్తి ఉండే ఊరు" అన్నాడు. ఆ బెంగళూరు అమ్మగారు మాత్రం నా పక్కనే నిలబడి నన్నే చూస్తాండె. "నువ్వు తిన్నావా?" అని అడిగె. "ఓ, ఎప్పుడో" అన్నా.

ఊరి పరువు నిలబెట్టినాం వదినా. నువ్వు లేవే చూడనీకి.

మీ
దాసమ్మ


తుమకూరు,
30-8-1985

దాసమ్మా,

మీరు ఎంత బాగా ఆడినారంటే మేష్ట్రు నమ్మేసినాడు.

మొన్న మీటింగులో ఆయన చదివింది మీ అన్న తలుపు కాడ నిలబడి విన్నాడు. బలసముద్రంలో ఆకలి లేదంట, భక్తి ఉండాదంట. సమారాధనలకు కరువు గింజలు వాడగూడదంట. శ్రావణం కడాపటి శనివారం, పద్నాలుగో తారీకు, గుండిగె ఎత్తి మంగళవాడకు పంపిస్తారు. తీసకపోయేది ఎవరనుకున్నావు? మీ అన్నే. రెండు దినాల్నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు, నేనేదో చేసినట్ల.

నేను మేష్ట్రు కాళ్ళమీద పడబోయినా. ఆయన "నేను ఒక్కొక్కరినీ అడిగినా గదమ్మా, ఒక్కరన్నా చెప్పినారా?" అన్నాడు. మీ ఊరి నుంచి ఒక్కరు, ఒక్కరే, మాకు ఆకలైతాండాది అని ఆయన మొగం చూసి నోరు తెరిచి చెప్తే చాలు, గుండిగె ఆడనే ఉంటుంది. చెప్పింది నమ్మే మనిషని నీకు ముందే రాసినా. మీరు చెప్పింది నమ్మినాడు.

ఆ బెంగళూరు అమ్మగారు మీటింగులో ఇంకొకటి అడిగిందంట. ఆ అంబలి పోసే మనిషికి జబ్బేమైనా ఉండాదా, చెయ్యెత్తితే గాజులు మోచేతి కాడికి జారతాండాయి, అని.

దాసమ్మా, నువ్వు ఏం తింటాండావు? ఈ తూరి ఎగతాళి చెయ్యకుండా రాయి.

జయలక్ష్మమ్మ


బలసముద్రం,
3-9-1985

వదినా,

ఇల్లిల్లూ తిరిగి అడిగినా. మేష్ట్రుకు ఒక్క మాట చెప్పండి, గుండిగె నిలబడుతుంది అన్నా. నరసక్క "ఆ మాట నా కూతుర్ని ఇచ్చిన ఊరు దాకా పోతుంది, నేను చెప్పను" అనె. ఎల్లక్క తలుపు తీయలే. కదిరయ్య మామ, ఆ వాగుడుకాయ, చెట్టుకేసి చూస్తా కూర్చున్నాడు. ఎవరినీ ఏమనను. నేనేమన్నా చెప్పగలనా?

నువ్వు అడిగినావు కాబట్టి కూర పేరు రాస్తాండా. చింతగింజలు. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి ఉడకబెడితే శానా రుచి. నువ్వు వచ్చినప్పుడు చేసి పెడతా. అత్తకు చెప్పొద్దు, ఆమె ముందర గిన్నె పెట్టుకొని తింటాండట్లే ఉంటా.

అన్నను గుండిగె తీసకపోమ్మను. వాడి మీద నాకు కోపం లేదు. మంగళవాడోళ్ళకన్నా నోరుంటే వాళ్ళన్నా తాగనీ. మేము ఇండ్లల్లోకి పోయి తలుపులేసుకుంటాం. తలుపులేసుకొనేది మాకు బాగా వచ్చు.

దాసమ్మ


తుమకూరు,
7-9-1985

దాసమ్మా,

రెండేండ్ల కిందట మేము ఈ ఊరికి వచ్చినప్పుడు నీకు ఒక జాబు రాసినా. దిగిన దినమే కొలువులు దొరికినాయి, దినామూ అన్నం, చారు, మజ్జిగ అని. నువ్వు "రాణి గారు మమ్మల్ని మరిచిపోవద్దు" అని ఎగతాళిగా తిరిగి రాసినావు. అన్నం, చారు, మజ్జిగ నిజమే. కొలువులు అబద్ధం.

ఆ అన్నం ఈ సంఘం వరసలో నిలబడి తిన్నది.

మొదటి దినం నేను వరస పక్కన నిలబడి, ఎవరికోసరమో చూస్తాండట్ల అట్లా ఇట్లా చూసి వచ్చేసినా. రెండో దినం మీ అన్న "నువ్వు పో, నేను ఆ వ్యాను ఇంజను చూసొస్తా" అన్నాడు. ఆయన అదే ఇంజను మళ్ళా మళ్ళా చూసినాడు, నేను పోలేదు. ఇద్దరం నీళ్ళు తాగి పడుకున్నాం. మూడో దినం కాళ్ళు వాటంతట అవే పోయినాయి. పళ్ళెం చాపినా. భూమి పగులుతుందనుకున్నా. పెట్టే ఆయన నా మొగం గూడా చూడలే, పెట్టి పక్కనామె పళ్ళెం కాడికి పోయినాడు. నేను ఇంత భయపడింది దీనికా అనుకున్నా. పక్కకు పోయి తిన్నా. శానా తిన్నా. పదకొండు దినాలు తిన్నా. పదకొండో దినం మేష్ట్రు "వంట వస్తుందా?" అని అడిగినాడు, వ్యాను కాడ నిలబడిన మీ అన్నను "ఇంజను అంత ఇదిగా చూస్తావు, తోలడం వచ్చా?" అని అడిగినాడు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఎగతాళి చేస్తావని. నీ నోటికి భయపడి రెండేండ్లు దాచుకున్నా. ఇప్పుడు చేసుకో. బతికినంత కాలం చేసుకో, నేను పడతా. దానికి నువ్వు బతికుండల్ల గదా దాసమ్మా.

పద్నాలుగో తారీకు మేష్ట్రు గూడా వ్యానులో వస్తాండాడు. మీ అన్నకు ఈ జాబు రాసినట్ల తెలీదు. తెలిస్తే మళ్ళా ఇంజను చూడనీకి పోతాడు.

నీ
జయలక్ష్మి


బలసముద్రం,
15-9-1985

వదినా,

నిన్న వ్యాను వచ్చింది. అన్న దిగి, నా మొగం చూసి, మళ్ళా ఎక్కి కూర్చున్నాడు. ఏడ్చినాడు. అడిగితే దుమ్ము అంటాడు, నువ్వు నమ్మొద్దు.

కడాపటి శనివారం గదా, ఊరంతా వచ్చింది. గుండిగె పోతుందని అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. గోవింద మాత్రం గట్టిగా అంటాండారు. నీ జాబు రొంటిన దోపుకొని నిలబడినా. కొంచింసేపు పోసినా. చెయ్యి పోస్తాండాది గానీ మనసు ఆడ లేదు.

అప్పుడు గరిటె తీసి మేష్ట్రు చేతికిచ్చినా. "ఒక్క రవ్వ పట్టుకోండి సామీ" అంటే, ఆయన ఇది గూడా మొక్కులో భాగమేమో అనుకొని భక్తిగా పట్టుకున్నాడు. నేను ఇంటికి పోయి మా సత్తు గిన్నె తెచ్చుకొని, నుదుటి నామం కొంగుతో తుడుచుకొని, వరస కడాకు పోయి నిలబడినా. నరసక్క ఎనక్కి తిరిగి "ఏమ్మే, ఇంటిదానివి, నువ్వేంది వరసలో?" అనె. "నేను మొక్కుకు రాలేదు నరసక్కా" అన్నా. ఆమె ముందుకు తిరిగి కొంగు సర్దుకునె. ముందరుండేవాళ్ళు ఒక్కొక్కరు తిరిగి చూస్తాండారు. గిన్నె కొంగు కింద దాచబోయినా, వదినా. నువ్వు వ్యాను కాడ అన్న ఇంజను చూసే ఇది రాసినావు చూడు, దాన్ని తలుచుకొని నవ్వొచ్చింది, దాంతో నిలబడగలిగినా.

నా వంతు వచ్చింది. మేష్ట్రు "నీదీ మొక్కేనా అమ్మా?" అన్నాడు. "కాదు సామీ. ఆకలి" అన్నా. "రెండు నెలల్నుంచి పోస్తాండా, ఒక్క దినమూ తాగలే. మా ఇంట్లో ఏమీ లేదు. చింతగింజలు గూడా మొన్నటికి అయిపోయినాయి. నాకు ఆకలైతాండాది, పోయండి." ముందు కన్నడంలో చెప్పినా, తర్వాత అందరూ ఇనల్లని మన మాటలో చెప్పినా. మేష్ట్రు నా మొగమే చూస్తా సగం కింద పోసినాడు. అలవాటు కొద్దీ తిట్టబోయి నోరు మూసుకున్నా.

ఎవరూ గోవిందా అనలే. అప్పుడు అత్త కట్టె పట్టుకొని లేచె. "సామీ, నాకు కండ్లు కనపడవని ఇది నా ముందర ఉత్త గిన్నె పెట్టుకొని నమిలేది. చెవులు ఇనపడతాయి నాకు. అడిగితే ఇద్దరం ఒప్పుకోవల్సి వస్తుందని అడగలే. నేను తాగింది గూడా మొక్కు కాదు, ఆకలే. గోవిందుని అడ్డం పెట్టుకున్నా. ఆయన ఏమీ అనుకోడు" అనె. వదినా, ఆమె నోట్లోంచి ఆ మాట ఇన్నాంక నేను గిన్నె పట్టుకొని ఆడనే కింద కూర్చున్నా.

కదిరయ్య మామ లేచి "నాకు రెండూ ఉండాయి సామీ, మొక్కూ ఉండాది, ఆకలీ ఉండాది. ఇంటికాడ కూరలు మాత్రం లేవు" అన్నాడు. తర్వాత ఎవరు ముందు ఎవరు ఎనక అనేది లేదు, అందరూ మాట్లాడినారు. నరసక్క మాత్రం చెప్పలే. ఖాళీ గిన్నె తిప్పి చూపించె, అంతే. మేష్ట్రు ఆమెను ఇంకేమీ అడగలే, మంచి పని చేసినాడు.

ఆయన చావిడి అరుగు మీద కూర్చున్నాడు. "నేను అడిగిన పద్ధతే తప్పు, అందరి ముందర నిలబెట్టి అడిగితే ఎవరు చెప్తారు" అని తనకు తానే అనుకున్నాడు. పంట వచ్చే దాకా గుండిగె ఈడనే ఉంటుందంట. మంగళవాడకు తన ఇంట్లో పెండ్లికి కొన్న గుండిగె పంపిస్తాడంట. వాళ్ళింటామెను అడిగినాడో లేదో నాకు తెలీదు.

ఇంక అసలు సంగతి. కూర్చున్న తావునే గిన్నె ఎత్తి తాగినా. వదినా, చప్పిడి! ఉప్పే లేదు! ఇంత గుండిగెకు నేను ఏసేది ఏ మూలకూ రాలేదు. రెండు నెలల్నుంచి ఊరందరికీ చప్పిడి అంబలి పోస్తాండా. కదిరయ్య మామను పట్టుకొని అడిగితే "ప్రసాదానికి వంక పెట్టగూడదని ఊరుకున్నాం మ్మే" అంటాడు. ఎనభై మంది, రెండు నెలలు, ఒక్కరూ నోరు తెరవలే. నేను తాగుంటే మొదటి దినమే తెలిసేది.

ఈ పొద్దు ఉప్పు సరిగ్గా ఏసినా. నేను రెండు గిన్నెలు తాగినా.

నీ
దాసమ్మ